బస్సు టైము చూసుకుని క్రిస్మస్ చేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నవంబరు సగం దాటింది. ఇంకో రెండు వారాల్లో మా గోదావరి జిల్లాల్లో ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, స్కూళ్లు, బ్యాంకులు, ఎక్కడ చూసినా సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకి ముందే పెట్టే క్రిస్మస్ పార్టీలు, మొదలవుతాయి. మీ జిల్లా పేజీల్లో కూడా ఆ ఫొటోలు వస్తాయి. మధ్యలో పెద్ద కేకు, వెనక యజమాని, పక్కన పాస్టరు గారు, ఇద్దరు ముగ్గురు ముఖ్య అతిథులు, కత్తి మీద అందరి చేతులూ. నేను కూడా అలాంటి ఫొటోలు మీకు పంపిన దాన్నే. అందుకే డిసెంబరు రాకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏ కంపెనీలోనో నాలాగే ఈ పని నెత్తిన పడ్డవాళ్లు చదివితే, నేను చేసిన తప్పులు వాళ్లు చేయకుండా ఉంటారని ఆశ.

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. ముందు టైం ఆఫీసులో హాజరు రాసేదాన్ని, ఇప్పుడు పర్సనల్ డిపార్ట్‌మెంటు చూస్తున్నాను. మా దగ్గర అందరూ కలిపి 640 మంది. అందులో నాలుగు వందల మందికి పైగా ఆడవాళ్లే. తల తీసే చోట, పొట్టు వొలిచే చోట, గ్రేడింగ్‌లో, ప్యాకింగ్‌లో ఉంటారు. చుట్టుపక్కల మండలాల నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. వాళ్లలో సగానికి దగ్గరగా క్రైస్తవులు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నర్సాపురంలో స్థిరపడ్డ బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీల కాలం నుంచీ మా డెల్టా ఊళ్లలో క్రిస్మస్ ఉంది. ఒక్కో పేటకి ఒక్కో చర్చి, కొన్ని పేటలకి మూడు. కాబట్టి క్రిస్మస్ వీళ్లకి కంపెనీ నేర్పే పండగ కాదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2018లో పార్టీ బాధ్యత మొదటిసారి నాకు అప్పగించారు. ఎంత బాగా చేయాలా అని నెల రోజులు తిరిగాను. టౌన్‌లో ఫంక్షన్ హాలు తీసుకున్నాం. డీజే, లైటింగు, మూడంతస్తుల కేకు, ముందు వరసలో సోఫాలు. తేదీ డిసెంబరు 24, సాయంత్రం ఆరింటికి. పండగ ముందు రోజు కదా, అందరూ హుషారుగా ఉంటారనుకున్నాను.

క్రిస్మస్ చేసుకునేవాళ్లే రాలేదు. 24వ తేదీ సాయంత్రం వాళ్లకి ఇంట్లో ఎన్ని పనులో నేను ఒక్కళ్లని కూడా అడగలేదు. గోడలకి సున్నం, స్టార్ కట్టడం, అరిసెల పాకం, పిల్లల బట్టలు, రాత్రి చర్చిలో ఆరాధన, తెల్లవారేదాకా కేరల్స్. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆఫీసు స్టాఫ్, వాళ్ల కుటుంబాలు. పొట్టు వొలిచే పీలింగ్ సెక్షను నుంచి వచ్చింది ఎనభై మంది లోపే. అతిథి గారు ఏడున్నరకి వచ్చారు. ప్రసంగాలు తొమ్మిది దాటాయి. భోజనాల దగ్గర తోపులాట. కాంట్రాక్టు మీద పనిచేసే లోడింగు కుర్రాళ్లని గేటు దగ్గర ఎవరో ఆపేశారు, లిస్టులో పేర్లు లేవని. బస్సులు కదిలేసరికి పదిన్నర. చివరి ఊరు ఆడవాళ్లు దిగేసరికి పదకొండున్నర దాటింది. ఒకావిడ భర్త ఇంటి తలుపు తీయలేదు. ఆవిడ ఆ రాత్రి పక్కింటి అరుగు మీద పడుకుని, పండగ రోజు పొద్దున్నే పుట్టింటికి వెళ్లిపోయింది. ఆవిడ మళ్లీ పనిలోకి రావడానికి రెండు నెలలు పట్టింది.

ఆ తర్వాత వారం నేను పీలింగ్ హాల్లోకి వెళ్లి, అక్కడ అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ దగ్గర నిలబడ్డాను. ఆవిడ చేతులు ఐసు నీళ్లలోనే ఉన్నాయి, తల ఎత్తలేదు. "ఏం పెద్దమ్మా, పార్టీకి రాలేదే?" అన్నాను. "ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే పని ఆపేశారు కదండీ మేడంగారూ. నాకు ముప్పై కిలోల వొలుపు పోయింది. మా పండక్కి మా డబ్బులే పోయినాయండి" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఇది రొయ్యల ప్లాంటు గురించి తెలియని పాఠకులకి చెప్పాలి. మా దగ్గర వొలుపు పని కిలో లెక్క మీద. తల తీసి, పొట్టు తీసి, నరం తీసి, తూకం వేయిస్తేనే డబ్బు. గంట పని ఆగితే గంట కూలి ఆగుతుంది. ఆఫీసులో కూర్చునే నాకు పార్టీ ఉన్న రోజూ జీతం వస్తుంది, లేని రోజూ వస్తుంది. పెద్దమ్మకి అలా రాదు. ఆమె మాట విన్నాక నాకు చాలా రోజులు సరిగా నిద్ర పట్టలేదు. మరుసటి ఏడాది మేనేజ్‌మెంటుకి పెట్టిన కాగితంలో మొదటి లైను ఇదే రాశాను: పార్టీ కోసం పని ఆగిన గంటలకి, అంతకు ముందు వారం ఆమె సగటున గంటకి ఎంత సంపాదించిందో అంత కట్టి ఇవ్వాలి. ఎక్కౌంట్స్ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. డీజే ఖర్చు, ఫంక్షన్ హాలు అద్దె పక్కన పెట్టి చూపించాను. ఆ రెండూ తీసేస్తే కూలి డబ్బు సరిపోయి ఇంకా మిగిలింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ముందు బస్సు టైము వేసుకుంటాను. అక్కడి నుంచి వెనక్కి లెక్క కడతాను. మా చివరి ఊరికి బస్సులో గంటా పది నిమిషాలు. డిసెంబరులో ఐదున్నర దాటితే చీకటి పడిపోతుంది. చివరి ఆడమనిషి వెలుతురుండగా ఇంటి దగ్గర దిగాలంటే బస్సు నాలుగుంపావుకి కదలాలి. బస్సులెక్కడానికి పావుగంట, భోజనాలకి గంటన్నర, అంటే రెండున్నరకి భోజనాలు మొదలవ్వాలి. అంతకు ముందు కార్యక్రమం గంట. అంతకు ముందు బట్టలు మార్చుకోడానికి అరగంట. అంటే ఒంటిగంటకి మెషీన్లు ఆగాలి. అతిథి గారు మూడింటికి వస్తానంటే రావద్దని చెప్పలేం, కానీ ఆయన కోసం ఆగం. ఒకసారి నిజంగానే ఆగలేదు. ఆయన వచ్చేసరికి జనం భోజనాలు చేస్తున్నారు, ఆయన కూడా విస్తరి వేయించుకుని కూర్చున్నారు. ఎవరికీ చిన్నతనం కాలేదు.

తేదీ పెట్టడం దగ్గర చాలామంది తడబడతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 24, 25 తేదీలు వాళ్లవి, వాటిని ముట్టుకోకూడదు. ఆదివారాలు చర్చికి. మార్గశిర మాసం ఉంటే గురువారం వద్దు, లక్ష్మీవారం నోములు పట్టే హిందూ ఆడవాళ్లు ఆ రోజు నీచు ముట్టరు. మంగళవారం, శనివారం మాంసం తినని ఇళ్లు మా వైపు బోలెడు. శుక్రవారం మధ్యాహ్నం ముస్లిం సోదరులు నమాజుకి వెళ్తారు. మిగిలినవి సోమ, బుధవారాలు. వీటితోపాటు మా వ్యాపారానికి ఇంకో లెక్క ఉంది. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గర్లో రొయ్య పొర విడుస్తుంది. అప్పుడు చెరువులో రొయ్యలు పట్టుకుంటే సరుకు మెత్తగా ఉండి రేటు పడిపోతుందని రైతులు ఆ పట్టుబడిని వాయిదా వేస్తారు. ఆ రెండు మూడు రోజులు మాకు లారీలు తక్కువ వస్తాయి. రొయ్య ఆగే సరుకు కాదు, లారీ గేటులోకి వచ్చిందంటే పార్టీ ఉన్నా పెళ్లి ఉన్నా ఐసులోకి దింపాల్సిందే. అందుకని నేను తిథులు చూసి, కొనుగోలు వాళ్లతో మాట్లాడి, అప్పుడు తేదీ ఖాయం చేస్తాను. 2025లో అలా కుదిరిన రోజు డిసెంబరు 17, బుధవారం. అమావాస్యకి రెండు రోజుల ముందు. ఆ రోజు వచ్చింది ఒక్క లారీ. బి షిఫ్టు వాళ్లు కూడా మధ్యాహ్నమే వచ్చి అందరితో కలిసి కూర్చున్నారు. మీది ఆసుపత్రి అయితే, బట్టల మిల్లు అయితే, మీ పనికి కూడా ఇలాంటి తెరపి ఎప్పుడో ఒకప్పుడు ఉంటుంది. దాన్ని వెతకండి. పని ఒత్తిడిలో పెట్టిన పార్టీలో సగం మంది మనసు మెషీన్ల దగ్గరే ఉంటుంది.

ఆ 2025 మాకు గడ్డు సంవత్సరం. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. మా రొయ్యల్లో ఎక్కువ భాగం వెళ్లేది అక్కడికే. ఆర్డర్లు తగ్గాయి, ఓవర్‌టైమ్ పోయింది, ఎవర్ని ఎప్పుడు ఆపేస్తారో అని అందరికీ టెన్షన్. ఈసారి పార్టీ వద్దని పైనుంచి మాట వచ్చింది. నేను ఒక్కటే అడిగాను. పోయినేడు మనిషికి మూడు వందల యాభై ఖర్చు పెట్టాం, ఈసారి నూట ఎనభై ఇవ్వండి, కూలి డబ్బు మాత్రం తగ్గించకండి అని. ఇచ్చారు. స్టేజి లేదు, బ్యాండు లేదు, ఫ్లెక్సీ లేదు, శాలువాలు లేవు. ప్లాంటు వెనక ఖాళీ స్థలంలో షామియానా, నేల మీద జంపఖానాలు, కుర్చీలు పెద్దవాళ్లకీ కడుపుతో ఉన్నవాళ్లకీ మాత్రమే. మేనేజర్లు కూడా జంపఖానాల మీదే కూర్చున్నారు. ఇన్నేళ్లలో మేము చేసిన వాటిలో అదే బాగా జరిగిందని ఇప్పటికీ మా వాళ్లు చెప్పుకుంటారు.

బట్టలు మార్చుకోడానికి అరగంట అన్నాను కదా, అది ఎందుకో చెప్పాలి. మా ప్లాంటులోకి గాజులు, గొలుసులు, పూలు, గోళ్ల రంగు ఏవీ రానివ్వరు. తలకి క్యాపు, మూతికి మాస్కు, ఏప్రాను, గమ్‌బూట్లు. పక్క పక్కన ఏడాది పాటు నిలబడి పనిచేసినా ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోని వాళ్లున్నారు. ప్లాంటులోనే పార్టీ పెట్టిన మొదటి ఏడాది మేము వాళ్లని ఆ ఏప్రాన్లతోనే కూర్చోబెట్టి ఫొటోలు తీశాం. ఇప్పుడు లాకర్ రూమ్‌తో పాటు ప్యాకింగు గోడౌన్ కూడా ఖాళీ చేసి, రెండు నిలువుటద్దాలు పెట్టిస్తాం. ప్లాస్టిక్ కవర్లలో మడత పెట్టి తెచ్చుకున్న చీరలు కట్టుకుని బయటికి వస్తుంటే "ఏవమ్మా, నువ్వేనా" అని ఒకళ్లనొకళ్లు పలకరించుకుంటారు. డిసెంబరులో చామంతులు బాగా వస్తాయి, రెండు బుట్టల మాలలు తలుపు దగ్గర పెట్టిస్తాను. చేతికి మాత్రం ఇవ్వను. పెంతెకోస్తు సంఘాల ఆడవాళ్లు కొందరు పూలు పెట్టుకోరు, గాజులు వేసుకోరు. బుట్టలో ఉంటే కావాల్సినవాళ్లు తీసుకుంటారు, అక్కర్లేనివాళ్లకి ఇబ్బంది ఉండదు.

ఇంకోటి, చేతులు. ఉదయం నుంచి ఐసు నీళ్లలో ఉన్న వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. మొద్దుబారిపోయి చీర కుచ్చిళ్లు కూడా సరిగా పట్టుకోలేవు. ఎంత సబ్బు రుద్దినా రొయ్య వాసన పోదు. ఆ చేతులతో అన్నం తినాలంటే వాళ్లకే మొహమాటంగా ఉంటుంది, చెంచాలు ఇస్తే ఇంకా మొహమాటం. మేం పెద్ద గంగాళాల్లో గోరువెచ్చని నీళ్లు, పక్కన బేసిన్లలో నిమ్మచెక్కలు పెట్టాం. రెండు మూడు వందల రూపాయల నిమ్మకాయలు. ఆడవాళ్లు ఆ నీళ్లలో చేతులు పెట్టుకుని తియ్యబుద్ధి కాక అలాగే నిలబడిపోయారు. వెనక లైను ఆగిపోయింది. ఎవరూ విసుక్కోలేదు. వెయ్యి రూపాయలు కూడా కాని ఆ ఏర్పాటు గురించి వాళ్లు చెప్పుకున్నంతగా ఏ డీజే గురించీ చెప్పుకోలేదు.

భోజనం సంగతికి వస్తే, మేం చేసిన పెద్ద పొరపాటు రొయ్యల బిర్యానీ. మన సరుకే కదా, మంచి సైజు రొయ్య పెడదాం, గొప్పగా ఉంటుందని వండించాం. "రోజంతా దాన్నే చూస్తాం కదండీ, అన్నంలో కూడా అదేనా" అని పక్కకి ఏరి పెట్టారు. ఇప్పుడు కోడి బిర్యానీ, పులిహోర, పప్పుచారు, గోంగూర పచ్చడి, పెరుగు. కోడి ముస్లింలు కూడా తినేలా హలాల్ చేసే షాపు నుంచే తెస్తాం. డిసెంబరులో అయ్యప్ప మాలలో, భవానీ మాలలో ఉన్న కుర్రాళ్లు మా దగ్గర నలభై మంది దాకా ఉంటారు. వాళ్లకి వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వేరే వడ్డన. మాల వేసుకున్న వంటమేస్త్రే దొరికితే అతనికే అప్పగిస్తాం. స్వాములు క్రిస్మస్‌కి వచ్చి కూర్చుని భోంచేస్తే మిగతావాళ్లకి ఎంత సంబరమో చూస్తేనే తెలుస్తుంది. పరిమాణం గురించి చిన్న మాట. కిలో బియ్యం బిర్యానీ ఎనిమిది మందికి వస్తుందని క్యాటరింగు వాళ్లు చెప్తారు. ఒంటి కష్టం చేసేవాళ్లకి ఆరుగురికే లెక్క వేసుకోండి. వడ్డన దగ్గర అన్నం అయిపోయిందనే మాట వినపడితే అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే.

కేకు విషయంలో నేను గట్టిగా ఒక మాట చెప్తాను. పెద్ద కేకు వద్దు. ఫొటోకి బాగుంటుంది, నిజమే. కానీ ఆరు వందల మందికి కోసి పంచేసరికి క్రీము కారిపోయి, చివరివాళ్లకి ముద్ద మిగులుతుంది. 2019లో నేను స్వయంగా చూశాను. ప్యాకింగు సెక్షనులో ఒక చిన్నమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, తన వాటా ముక్కని తినకుండా తల మీది నెట్ క్యాపు తీసి, లోపల పేపరు పరిచి, అందులో పెట్టుకుని ముడి వేసుకుంది. నేను చూస్తున్నానని తెలిసి కొంగు చాటున పెట్టింది. ఇంట్లో పిల్లలు ఎదురు చూస్తుంటారు కదా. అప్పటి నుంచి ప్రతి మనిషికీ పావు కిలో ప్లమ్ కేకు ప్యాకెట్టు, బస్సు ఎక్కేటప్పుడు చేతికి. గుడ్డు లేనివి కూడా కొన్ని, మాలలో ఉన్నవాళ్ల ఇళ్లకి. ప్రార్థన దగ్గర కోయడానికి కిలో కేకు ఒకటి చాలు.

ఆ ప్రార్థన ఎవరు చేయాలనేది మా దగ్గర పెద్ద తగువయ్యేది. మా వాళ్లలో లూథరన్లు, బ్రదరన్ వాళ్లు, ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) వాళ్లు, పెంతెకోస్తు వాళ్లు అందరూ ఉన్నారు. ఒక అయ్యగారిని పిలిస్తే ఇంకో సంఘం వాళ్లు ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఒక ఏడాది ముగ్గురిని పిలిచాం, ముగ్గురూ వాక్యం చెప్పేసరికి రెండు గంటలు పట్టింది. ఇప్పుడు బయటి నుంచి ఎవరినీ పిలవడం లేదు. మా పెద్దమ్మే ప్రార్థన చేస్తుంది. గొర్రెల కాపరులు రాత్రిపూట మందని కాచుకుంటూ ఉండగా వాళ్లకి ముందుగా కబురు తెలిసిన భాగం చదువుతుంది. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి, "వాళ్లు కూడా నైట్ డ్యూటీ వాళ్లేనమ్మా" అంది. వెనక నిలబడ్డ సెక్యూరిటీ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను హిందువుని, నాకు కూడా గొంతు పట్టేసింది. పావుగంటలో ప్రార్థన అయిపోతుంది. ఇష్టం లేనివాళ్లు ఆ తర్వాత భోజనానికి వచ్చినా ఎవరూ ఏమీ అడగరు, హాజరు కూడా వేయం.

మా హాస్టల్లో ఉండే బయటి అమ్మాయిల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. ఉత్తరాంధ్రలోని సీతంపేట వైపు నుంచి, సరిహద్దు దాటితే ఒడిశా గజపతి జిల్లా నుంచి వచ్చిన సవర గిరిజన అమ్మాయిలు మా దగ్గర ముప్పై మంది ఉన్నారు. అందులో చాలామంది క్రైస్తవులే. వెళ్లి రావడానికే మూడు నాలుగు రోజులు పోతాయని పండక్కి ఇంటికి వెళ్లరు. పార్టీలో ఎప్పుడూ వెనక గుంపుగా కూర్చునేవాళ్లు, తెలుగు పాటలకి చప్పట్లు కొట్టేవాళ్లు. ఒకసారి పెద్దమ్మే వాళ్లని ముందుకి పిలిచి "మీ భాషలో పాడండే" అంది. సిగ్గుపడుతూ మొదలుపెట్టి, రెండో చరణానికి కళ్లు మూసుకుని పాడారు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాషకి నిఘంటువు తయారు చేశారని చిన్నప్పుడు చదువుకున్నాను. ఆ భాషలో ఒక పాట చెవులారా వినడం మాత్రం అదే మొదలు. ఇప్పుడు ప్రతి ఏడాదీ మొదటి పాట వాళ్లదే. 25న హాస్టల్ నుంచి దగ్గర చర్చికి వాళ్లకి ఒక బస్సు వేస్తాం. ఆ బస్సు ఖర్చు పార్టీ ఖర్చులోనే రాస్తాను.

కానుకల గురించి రెండు మాటలు. పట్నం ఆఫీసుల్లో చీటీలు తీసి ఎవరి పేరు వస్తే వాళ్లకి రహస్యంగా బహుమతి ఇస్తారు కదా, మేం కూడా పెట్టాం, రెండు వందలు మించకూడదని. ఆ రెండు వందల కోసం సూపర్‌వైజరు దగ్గర అప్పు తీసుకున్న వాళ్లున్నారని తర్వాత తెలిసింది. ఆపేశాం. కంపెనీయే అందరికీ ఒకే వస్తువు ఇస్తుంది. ఏం కావాలో నవంబరులోనే సెక్షన్ల వారీగా అడుగుతాం. మొన్న అడిగితే స్టీలు క్యారేజీ అన్నారు, మూడు గిన్నెలది. జనరల్ మేనేజరుకీ అదే, ఊడ్చే ఆవిడకీ అదే. కాంట్రాక్టు కుర్రాళ్లకీ, బస్సు డ్రైవర్లకీ, క్యాంటీను వాళ్లకీ అదే. గేటు దగ్గర లిస్టు పెట్టడం మానేశాం. ఆ రోజు లోపల పని చేసిన ప్రతి మనిషీ మా మనిషే.

జాగ్రత్త గురించి ఒకటి రాయకపోతే తప్పవుతుంది. కోల్డ్ స్టోరేజీ గోడలు, మా హాళ్ల గోడలు పఫ్ ప్యానెళ్లు, అంటే మధ్యలో ఫోమ్ నింపిన రేకులు. నిప్పు అంటుకుంటే నిమిషాల్లో వ్యాపిస్తుంది, పొగ విషం. ఆ షెడ్డుల్లో కొవ్వొత్తులు వెలిగించే కార్యక్రమం పెట్టకండి, సీరియల్ లైట్లు లాగకండి. ఏం చేసినా బయట, ఆరుబయట. మందు గురించి చెప్పాల్సింది కూడా ఇక్కడే. ఆఫీసు వాళ్లు కొందరు విడిగా ఏర్పాటు అడుగుతారు. ఆడవాళ్లు బస్సెక్కి వెళ్లాల్సిన చోట అది ససేమిరా వద్దు.

ఇంత రాసినా అసలు సంగతి ఇంకా రాయలేదు. పార్టీ మూడు గంటలది. 24 రాత్రి, 25 పగలు డ్యూటీ ఎవరిది? మా కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి, అమ్మోనియా కంప్రెసర్లు ఆగకూడదు. ఆపరేటర్లు, ఎలక్ట్రీషియన్, సెక్యూరిటీ ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఏళ్ల తరబడి షెడ్యూల్లో ఎవరి పేరు పడితే వాళ్లు ఉండేవాళ్లు. ఒక కంప్రెసర్ ఆపరేటరు వరుసగా మూడు క్రిస్మస్‌లు మెషీన్ గదిలోనే గడిపాడు. నాకు తెలియదు. పార్టీలో ఫొటోలు తీసుకుంటూ నేను అతనికి మెర్రీ క్రిస్మస్ కూడా చెప్పాను.

ఇప్పుడు టైం ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టాం. డిసెంబరు ఒకటి నుంచి తెరిచి ఉంటుంది. 24, 25 తేదీల్లో క్రైస్తవుల డ్యూటీ తాము చేస్తామని హిందువులు, ముస్లింలు పేరు రాస్తారు. దానికి ఎదురుగా భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో వాళ్ల డ్యూటీ తాము చేస్తామని క్రైస్తవులు రాస్తారు. రంజాన్‌కి కూడా అలాగే. సంక్రాంతి మూడు రోజులూ భీమవరంలో సెలవు దొరకడం ఎంత కష్టమో మా వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆ రిజిస్టరు మొదటి వారంలోనే నిండిపోతుంది. మేనేజ్‌మెంటు చేయాల్సింది సంతకం పెట్టడమే, పైసా ఖర్చు లేదు. పండగ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లకి భోజనం ఎవరో ఒకరి ఇంటి నుంచి వస్తుంది. పోయినేడు క్రిస్మస్ మధ్యాహ్నం ఆ కంప్రెసర్ ఆపరేటరు తన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని, కొత్త బట్టలతో, క్యారేజీ పట్టుకుని వచ్చాడు. తన బదులు డ్యూటీలో ఉన్న కుర్రాడు స్వామి మాలలో ఉన్నాడని, ఇంట్లో తలస్నానం చేసి విడిగా వండించి తెచ్చాడు. అరిసెలు, పులిహోర. కంపెనీ మనిషికి ఎంత ఖర్చు పెట్టినా అలాంటి క్యారేజీ కొనలేదు కదండీ.

సంపాదకులు గారూ, ఉత్తరం పొడుగైంది. స్థలం లేకపోతే కేకు సంగతి, కానుకల సంగతి తీసేయండి. కూలి డబ్బు, బస్సు టైము, డ్యూటీల రిజిస్టరు, ఈ మూడూ మాత్రం ఉంచండి. వీలైతే డిసెంబరు ఒకటో తేదీ లోపే వేయండి, ఆ తర్వాత తేదీలు ఖాయమైపోతాయి, ఇక ఎవరూ మార్చరు. ఇంకో మనవి. ఈసారి మా జిల్లా పేజీకి ఫొటో పంపేది నేనే. అందులో కేకు ఉండదు, అతిథులు ఉండరు. పాడుతున్న సవర అమ్మాయిలు ఉంటారు, వాళ్ల పక్కన పెద్దమ్మ ఉంటుంది. వాళ్లని ముందే అడిగి, సరే అన్నాకే తీస్తాను. దయచేసి దాన్ని పక్కన పెట్టకుండా వేయండి.

ఇట్లు,
ఒక రొయ్యల ప్లాంటు పర్సనల్ ఆఫీసరు,
భీమవరం
(పేరు ప్రచురించవద్దని మనవి)